మంచి కబురు కూడా చెప్పని మనిషి

ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నవాళ్ళకి వాచీలు అక్కర్లేదు. తలుపు మూసుకున్న దగ్గర్నుంచి తెరుచుకునేదాకా ఎంతసేపు పట్టిందో వాళ్ళే లెక్క కట్టేస్తారు. మనిషి ఇలా వెళ్ళి అలా వచ్చేస్తే, "ఏటీ లేనట్టున్నాది, బేగి వచ్చేసినాది" అంటారు. కాస్త ఆలస్యమైతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇంకాస్త ఆలస్యమైతే పక్కకి జరుగుతారు. అది వచ్చే మనిషికి చోటివ్వడానికి కాదు, తమకి తగలకుండా ఉండడానికి.

ఆ జరగడాన్ని పరంజ్యోతి కౌన్సిలర్ ఉద్యోగంలో చేరిన కొత్తలో తలుపు సందులోంచి చూసింది. అప్పుడే తన దగ్గర రిపోర్టు విని బయటికి వెళ్ళిన ఆడమనిషి ఆ బల్ల దాటుకుని ఎలా నడిచిందో కూడా చూసింది. విశాఖపట్నంలో శిక్షణ ఇచ్చినప్పుడు హెచ్ఐవీ గురించి చాలా చెప్పారు. మనసు గురించీ చెప్పారు. బల్ల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ మర్నాటి నుంచి వరండా చివర ఉన్న ఆ గదిలో ఓ పద్ధతి మొదలైంది. జబ్బు ఉన్నవాళ్ళు ఎంతసేపు కూర్చుంటారో, లేనివాళ్ళూ అంతసేపే కూర్చోవాలి. "ఏటీ లేదన్నారు కదమ్మా, ఇంక ఎల్తాను" అని లేచినవాళ్ళని కూడా ఆవిడ మళ్ళీ కూర్చోబెట్టేది. ఇప్పుడు లేకపోవడం అంటే ఏమిటి, మూడు నెలల తర్వాత ఇంకోసారి ఎందుకు చూసుకోవాలి, ఈసారి బయటపడ్డావు సరే, మళ్ళీ ఆ దారిలోనే నడుస్తావా? ఇవన్నీ తీరిగ్గా మాట్లాడేది. లేనివాళ్ళతో అసలు పని అప్పుడే మొదలవుతుందని ఆవిడ లెక్క.

గది వెనకవైపు చిన్న తలుపు, దాని అవతల నీళ్ళ పంపు ఉన్నాయి. రిపోర్టు విన్న ప్రతి మనిషీ, ఏడ్చినా ఏడవకపోయినా, ఆ పంపు దగ్గర మొహం కడుక్కుని, కొంగుతోనో కండువాతోనో తుడుచుకుని, అప్పుడు ముందు తలుపులోంచి వెళ్ళాలి. దాంతో బల్ల ముందు నుంచి పోయే మొహాలన్నీ తడిగానే ఉండేవి. ఎవరి తడి ఏమిటో ఎవరికీ తెలిసేది కాదు.

ఇది చుట్టుపక్కల ఊళ్ళలోకి వెళ్ళి వేరే రూపం ఎత్తింది. ఓ రోజు జగ్గమ్మ అని ఒక రైతు ముసలమ్మ కడుపుతో ఉన్న కోడల్ని తీసుకొచ్చింది. ఇంకా సూది గుచ్చకముందే మొదలుపెట్టింది.

"ఓలమ్మా, ముందు మా కోడలికి మొఖం కడిగించండి. కడుక్కోపోతే రిపోర్టు తప్పొస్తాదట కదా!"

రక్తం తీసే మోహనకృష్ణ కుర్రాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొహానికీ రక్తానికీ సంబంధమేంటమ్మా?"

"నీకు తెల్దు, నువ్వు నిన్నటి గుంటడివి. మా ఊరోల్లందరికీ తెలుసు."

పరంజ్యోతి మోహనకృష్ణ వైపు ఓ చూపు చూసి, "నిజమేనమ్మా, కడుక్కోవాలి. రిపోర్టు చెప్పాక. తోడొచ్చినవాళ్ళు కూడా కడుక్కోవాలి" అంది.

"అదీ, అలగ సెప్పు!" అని జగ్గమ్మ అప్పుడే లేచి వెళ్ళి తన మొహం కడిగేసుకుంది. ఆ రోజు నుంచి తోడొచ్చిన అత్తలూ, అన్నలూ, మొగుళ్ళూ కూడా పంపు దగ్గర వరస కట్టారు.

"మేడమ్, మూఢనమ్మకం పెంచుతున్నారు" అన్నాడు మోహనకృష్ణ సాయంత్రం.

"ఇదొకటి పెరగనీ నాయనా. ఉన్నవాటన్నిటిలోనూ పనికొచ్చే మూఢనమ్మకం ఇదొక్కటే" అంది పరంజ్యోతి.

పరంజ్యోతి కాపురం నెల్లిమర్లలో. భర్త సంజయ్ జూటు మిల్లులో నూలు వడికే విభాగంలో పనివాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి జుట్టు నిండా గోనె పీచు ఉండేది. ఆవిడ పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి ఆసుపత్రి ఉన్న ఊరికి వెళ్ళేది. వాళ్ళమ్మ ఒకప్పుడు మిషను ఆసుపత్రిలో కాన్పుల గదిలో ఆయాగా చేసింది. ఆవిడ ఇంటికొచ్చాక ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో కూడా పిల్లలకి చెప్పేది కాదు. "మంచం మీద మనిషి మంచం మీదే ఉండాలి, మన నాలిక మీదికి ఎక్కకూడదు" అనేది. పరంజ్యోతి చర్చి బళ్ళో కొన్నాళ్ళు పాఠాలు చెప్పి, ప్రైవేటుగా డిగ్రీ కట్టి, ఈ ఉద్యోగంలోకి వచ్చింది. చదువు కూడా సాయపడింది కానీ, పని నేర్పింది మాత్రం తల్లి దగ్గర విన్న ఆ మాటా, ఎదురుగా కూర్చున్న మనుషులూ.

నిజానికి ఆవిడ ఎవరినీ ఎదురుగా కూర్చోబెట్టేది కాదు. టేబులుకి అటొకరు ఇటొకరు కూర్చుంటే అది పోలీసు స్టేషన్ అవుతుంది. రెండు కుర్చీలూ పక్కపక్కనే కిటికీ వైపు వేయించింది. చెప్పలేని మాట వచ్చినప్పుడు మనిషి చూసుకోడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. కిటికీలోంచి సైకిళ్ళు నిలబెట్టే చెట్టూ, దాని కింద మేకలూ కనిపించేవి. మనిషి మాట్లాడుతున్నంతసేపూ పరంజ్యోతి పెన్ను ముట్టేది కాదు. "ఎందుకొచ్చావు" అని అడిగేది కాదు. రక్తం తియ్యకముందే ఒక ప్రశ్న అడిగేది. "రిపోర్టు ఎలా వచ్చినా సరే, ముందు ఎవరికి చెప్పుకుంటావు?" ఒక పేరు వచ్చేదాకా తొందరపెట్టేది కాదు. ఎవరి పేరూ రానివాళ్ళని, "ఇవాళ కాదులే, పేరు దొరికాక రా" అని పంపించిన రోజులూ ఉన్నాయి. వాళ్ళు మళ్ళీ వచ్చేవారు. చెడు కబురు చెప్పాల్సి వస్తే ఒక్క వాక్యంలో చెప్పి నోరు మూసుకునేది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని మాటలతో పూడ్చేసేవాళ్ళని ఆవిడ చాలామందిని చూసింది. మాట్లాడ్డం తేలిక, మాట్లాడకుండా పక్కన కూర్చోవడమే పని.

బజార్లో ఎవరైనా ఎదురైతే ముందుగా పలకరించేది కాదు. వాళ్ళు పలకరిస్తే అప్పుడే ఎరిగినట్టు. పలకరించకపోతే పుట్టాక చూడనట్టే. "ఆయమ్మకి ఉద్యోగం పొగరు" అనేవారు చర్చిలో కొందరు. ఆవిడ ఆ మాట తుడుచుకోలేదు.

ఇలాంటి మనిషికి ఓ చిక్కు వచ్చింది. ఆ చిక్కు ఆసుపత్రిలో కాదు, ఇంట్లోనే పుట్టింది.

సంజయ్‌కి అక్క ఎలీసమ్మ. భర్త పోయాక ఒక్కతే కూతుర్ని పెంచి, బీఎడ్ చదివించింది. ఆ పిల్ల పేరు షీబా, బళ్ళో టీచరు. రెండువేల పదమూడు వర్షాకాలంలో షీబాకి పాతపట్నం నుంచి సంబంధం కుదిరింది. పిల్లవాడు బెన్హర్, సొంత లారీ. ఒడిశాలోకీ, ఇటు విశాఖపట్నానికీ సరుకు తోలేవాడు. మాట నెమ్మది, చర్చికి తప్పడు. ఎలీసమ్మ ఇంటిముందు పందిరేసి ప్రధానం చేశారు.

పిల్లవాడు పందిట్లోకి రాగానే పరంజ్యోతి గుర్తుపట్టింది. ఆ ఎండాకాలంలో ఆవిడ గది కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నది ఇతనే. అప్పటికి ఈ సంబంధం ఊసే లేదు. బెన్హర్ కూడా ఆవిడని చూశాడు, చూసి నిలబడిపోయాడు.

పరంజ్యోతి అక్షింతలేసినంత మామూలుగా అడిగింది. "ఏ ఊరు నాయనా మీది?"

బెన్హర్‌కి ఊపిరొచ్చింది. "పాతపట్నం పిన్నీ."

"వానలు పడుతున్నాయా అటు?"

"పడతన్నాయి పిన్నీ, బాగానే."

అక్కడితో అయిపోవాలి. కానీ ప్రధానానికి టీ కాయడానికి పిలిచింది ఎర్రన్నని. అతని దుకాణం ఆసుపత్రి గేటుకి ఎదురుగానే. అతను పళ్ళెంలో గ్లాసులు పెట్టుకుని తిరుగుతూ, మనసులో ఏ కల్మషమూ లేకుండా ఎలీసమ్మతో అన్నాడు. "పెల్లికొడుకుని ఎక్కడో సూసినాననుకున్నాను సుమీ! మీ పరంజ్యోతమ్మ గది బల్ల మీద కూకున్నాడు, ఎండల్లో. నా దగ్గర రెండు టీలు తాగినాడు. మంచోడు, సిల్లర అడగలేదు."

ఎలీసమ్మ చేతిలో పళ్ళెం అక్కడే ఆగిపోయింది.

వాళ్ళ చర్చిలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారికి ఫలానా వారితో వివాహం, అభ్యంతరం ఉన్నవాళ్ళు తెలియజేయండి అని. మొదటి ప్రకటన చదివిన మర్నాడు సాయంత్రం ఎలీసమ్మ తమ్ముడి ఇంటికి వచ్చింది. పరంజ్యోతి పొయ్యి దగ్గర ఎండు నెత్తళ్ళ చేపలు వేపుతోంది.

"ఒసే జ్యోతీ, ఒకటడుగుతాను. నిజం సెప్పు."

"అడుగు వదినా."

"ఆ గుంటడు నీ దగ్గరికొచ్చినాడా?"

"ఏ గుంటడు?"

"ఏటి, తెలనట్టు! బెన్హర్."

"నా గదికి ఎవులొచ్చినారో ఎవులు రాలేదో నాను సెప్పను వదినా. నీకనే కాదు, ఎవులికీ."

"నాను ఎవులోనా? నీ పెల్లిలో నీ తలమీద ముసుగు సర్దింది ఎవులే?"

"నువ్వే."

"అయితే మాట సెప్పొద్దులే. తల ఊపు. ఉంటే ఇలగ, లేకపోతే ఇలగ." ఎలీసమ్మ తనే ఊపి చూపించింది.

పరంజ్యోతి గరిటె తిప్పుతూనే ఉంది. మెడ బిగించుకుని కదలకుండా ఉంది. "తల కూడా ఊపను వదినా."

"అంటే ఉన్నాదన్నమాట!"

"నాను ఆ మాట అన్లేదు."

"లేకపోతే లేదని సెప్పడానికి నీకేటి నొప్పి? మంచి కబురైతే ఎవులు దాస్తారే? లోకంలో ఎవులైనా దాస్తారా?" ఎలీసమ్మ పొయ్యి దాకా వచ్చేసింది. "ఉన్నది నాకొక్కతే పిల్ల. మూడో ప్రకటన సదివేలోగా నువ్వు సెప్పకపోతే, ఆపీమని పాస్టరుగారికి నానే సెప్తాను. ఆపితే ఆ గుంటడికి ఇంకెవులూ పిల్లనివ్వరు. అదీ నీ నెత్తినే."

ఆవిడ వెళ్ళిపోయింది. నెత్తళ్ళు మాడిపోయాయి.

బెన్హర్‌కి ఏమీ లేదు. ఎండాకాలం మొదట్లో తనంతట తను వచ్చాడు. ఎవరూ పంపలేదు. పరీక్ష చేస్తే లేదని తేలింది. మూడు నెలలాగి మళ్ళీ రమ్మంటే మాట తప్పకుండా వచ్చాడు. అప్పుడూ లేదనే తేలింది. పరంజ్యోతి ఒక్కసారి తల అడ్డంగా ఊపితే ఆడబిడ్డ ఏడుపు ఆగుతుంది, మేనకోడలి పెళ్ళి నిలబడుతుంది, ఓ మంచి కుర్రాడి పేరు చెడకుండా ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఆవిడ ఊపలేకపోయింది.

ఎలీసమ్మ శుక్రవారం స్త్రీల ప్రార్థనకి వెళ్ళింది. అక్కడ ప్రార్థన మనవులు ఎవరివి వాళ్ళు లేచి చెప్పుకుంటారు. "నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెల్లి సంబంధం కుదిరినాది. పిల్లోడి ఆరోగ్యం గురించి ఒక అనుమానం వచ్చినాది. పేరు సెప్పను. ప్రార్థన సెయ్యండి" అంది. కొంగంతా తడిపేసుకుంటూ అంది. ఆ సంఘంలో ఆ నెల కుదిరిన పెళ్ళి ఒక్కటే. లేచి ప్రార్థన చేసినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలా కాస్త జోడించారు. ఒకావిడ "ఆ లారీ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ" అంది. ఇంకొకావిడ "సరిహద్దుల్లో తిరిగే యవ్వనస్థుల్ని కాపాడు" అంది. ఆమెన్ అనేసరికి పాతపట్నం పేరొక్కటే చెప్పకుండా మిగిలింది. శనివారం సంతలో ఆ పేరు కూడా వచ్చేసింది.

ఆదివారం రెండో ప్రకటన చదువుతుంటే తలలన్నీ వెనక్కి తిరిగాయి. సగం ఎలీసమ్మ వైపు, సగం పరంజ్యోతి వైపు.

ఇంటికొచ్చాక సంజయ్ అన్నం కలపకుండా కూర్చున్నాడు. "ఒక్క మాట సెప్పేస్తే పోద్ది కదా జ్యోతీ. మా అప్ప కుళ్ళి కుళ్ళి ఏడుస్తన్నాది."

"ఇవాల ఒకలికి లేదని సెప్తాననుకో. రేపు ఇంకో పిల్ల తల్లి వస్తాది. అప్పుడు నాను నోరు మూసుకుంటే? ఆ మూసుకోడమే సెప్పేసినట్టు కాదేటి? లేనోలికి లేదని సెప్పడం మొదలెడితే, ఉన్నోల్లందర్నీ బజార్లో నిలబెట్టినట్టే."

"ఒక్కసారికి..."

"మీ మిల్లులో ఒక పోగు తెగితే, ఒక్క పోగే కదా అని ఒగ్గేస్తావా?"

సంజయ్ ఆలోచించాడు. ఆ ప్రశ్నకి అతనికి నోటితో కాదు, చేతులతో జవాబు తెలుసు. తెగిన పోగు దగ్గరికి పరుగెత్తి, వేళ్ళతో మెలిపెట్టి అతకడం ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని. "ఒగ్గను. మొత్తం బాబిన్ పాడైపోద్ది" అన్నాడు. అన్నం కలిపాడు. మా అప్ప సంగతేంటని మళ్ళీ అడగలేదు.

పరంజ్యోతికి ఆ రాత్రి తిండి దిగలేదు. తను చేస్తున్నది సరైనదని తెలుసు. సరైనది చేస్తే కడుపు చల్లగా ఉంటుందని ఎవరన్నారో గానీ వాళ్ళకి ఆడబిడ్డలు లేరు.

సోమవారం పొద్దున్న బస్టాండులో షీబా ఎదురుచూస్తూ నిలబడి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి కానీ మాట స్థిరంగా ఉంది.

"అత్తా, నాను నిన్నేటీ అడగను. ఆయన గురించి నువ్వేటీ సెప్పకు."

"మరేటి తల్లీ?"

"నాలాంటి పిల్ల ఎవులైనా, నీకు ఏటీ కానిది, నీ గదికొచ్చి నాకిలాంటి పరిస్థితి వచ్చిందంటే, నువ్వు ఏటి సెప్తావు? అది సెప్పు."

పరంజ్యోతి ఆ పిల్ల మొహంలోకి చూసింది. ఇంట్లో ఇన్ని తలలుండగా సరైన ప్రశ్న ఈ తలలోకి వచ్చింది. బస్సు వచ్చింది. ఆవిడ ఎక్కలేదు.

"ఇద్దరూ కలిసి ఎల్లమని సెప్తాను. ఇద్దరూ రక్తం ఇయ్యండి. ఆ పిల్లోడిని ఒక్కడినే నిలబెడితే అది పరీక్ష కాదు, పంచాయితీ. నీకు తెలవాలంటే అతనికీ తెలవాలి."

"నీ దగ్గరికా?"

"నా దగ్గరికి వద్దు. శ్రీకాకుళం ఎల్లండి. ఒకే గదిలో ఇద్దరూ కూకుని, ఇద్దరి కబురూ ఇద్దరూ ఇనాలని అడగండి. అలగ సెప్తారు."

షీబా వెళ్ళిపోతున్న బస్సు వైపు చూసింది. "భయమేస్తన్నాది అత్తా."

"అతని గురించా?"

"నా గురించి కూడా. నాకెందుకు భయమో తెల్దు."

"అందరికీ అంతే. నాకూ మొదటిసారి అంతే" అంది పరంజ్యోతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ తన రక్తం తనే ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా ఆ బల్ల మీద జనంతో కూర్చుంది. ఆ కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియకుండా ఇంకొకరిని ఎలా కూర్చోబెడతాం అని. "రిపోర్టు ఏదైనా సరే, ఎల్లేముందే ఒకటి అనుకో. అది ఇన్నాక ఆ గంట ఏటి సేస్తావో. ఎక్కడికెల్తావో."

"శ్రీకూర్మం దగ్గర సముద్రానికి ఎల్తాం. ఎలగొచ్చినా" అంది షీబా.

గురువారం ఇద్దరూ బెన్హర్ మోటారుసైకిల్ మీద శ్రీకాకుళం వెళ్ళారు. సాయంత్రం నేరుగా ఎలీసమ్మ ఇంటికి వచ్చారు. చెప్పుల నిండా ఇసుక.

సంగతి విని ఎలీసమ్మ ముందు కూతురి మీద విరుచుకుపడింది. "పెల్లికాని పిల్లవి, నీకు ఆ పరీక్షేటే! ఆ బల్ల మీద నిన్ను ఎవులైనా సూస్తే?"

"సూసినారు. మా స్కూలు హెడ్‌మాస్టారి తోడల్లుడు సూసినాడు. ఇద్దరం కూకున్నాం, నమస్కారం పెట్టినాను" అంది షీబా.

బెన్హర్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి ఎలీసమ్మతో అన్నాడు. "అత్తా, మాకిద్దరికీ ఏటీ లేదు. ఇది నాను సెప్పాల్సిన మాట, ఇన్నాళ్ళు సెప్పకపోడం నాదే తప్పు. ఎండల్లో నానే ఎల్లి సేయించుకున్నాను. లారీ తోల్తాను, నలుగురితో తిరుగుతాను. రేపు ఒకలింటి పిల్లని తెచ్చుకోవాలంటే ముందు నా సంగతి నాకు తెలవాలనిపించింది. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు."

ఎలీసమ్మ అరుగు మీద కూలబడింది.

"ప్రధానం నాడు పందిట్లో ఆవిడని సూసి నా గుండె ఆగిపోయినాది. అయిపోయిందిరా, అందరికీ సెప్పేస్తాది అనుకున్నాను. ఆవిడ నన్ను ఏ ఊరని అడిగినాది! వానల గురించి అడిగినాది!" బెన్హర్ తల విదిలించాడు. "నా లారీ తాళాలు ఇచ్చీమన్నా ఇచ్చేస్తాను ఆవిడకి."

మూడో ప్రకటన చదివారు. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. సంతలో పుట్టిన మాట సంతలోనే చచ్చింది. శ్రీకాకుళం బల్ల మీద పెళ్ళికూతురు కూడా కూర్చుందని తెలిశాక ఇంక దాన్ని ఎవరూ మోయలేకపోయారు.

ఎలీసమ్మ సంతోషించాల్సింది. చర్చి మెట్ల మీద మరదల్ని నిలబెట్టి అడిగింది. "నీకు ముందే తెలుసు. తెలిసీ నన్ను ఏడిపించినావు. ఒక్క మాట అనుంటే నీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

పరంజ్యోతి తలవంచుకోలేదు. "నీ బాధ నాకు తెల్దని అనుకోకు వదినా" అంది, అంతే.

పెళ్ళిలో షీబాకి నలుగు పెట్టడానికి మేనమామ భార్యని ముందు పిలవాలి. ఎలీసమ్మ పిలవలేదు. పరంజ్యోతి చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని వంటల దగ్గరికి వెళ్ళింది, వడ్డన చూసుకుంది. నలుగు అయ్యాక పసుపు మొహంతో షీబా పందిట్లోంచి లేచి, నలుగురూ చూస్తుండగా వంటలవైపు నడిచొచ్చి, "అత్తా, నువ్వు ముట్టుకోలేదు" అని చెంప చాపింది. పరంజ్యోతి చేతికి సాంబారు. ఆ చేయి తుడుచుకుని, వేలితో ఆ చెంప మీద పసుపు రాసింది. ఎలీసమ్మ దూరం నుంచి చూసి మొహం తిప్పుకుంది.

అలా రెండు ఇళ్ళ మధ్య మాటలు పోయాయి. క్రిస్మస్‌కి పిండివంటలు సంజయ్‌కి మాత్రమే వచ్చేవి.

మరో సంగతి కూడా జరిగింది. దాన్ని ముందు గమనించింది మోహనకృష్ణ. "మేడమ్, ఈమధ్య మీ నెల్లిమర్లవాళ్ళు వస్తున్నారేంటి? ఇదివరకు మిమ్మల్ని చూసే భయపడి విశాఖపట్నం పోయేవారు కదా." నిజమే. అంతకుముందు ఆ సంఘంలోవాళ్ళు, మిల్లు ఇళ్ళ లైన్లలోవాళ్ళు ఆ గది వైపు వచ్చేవారు కాదు. తెలిసిన మనిషి, చర్చిలో పక్క బెంచీ, నోరు జారితే బతుకు పోతుంది అని. ఇప్పుడు ఒకరొకరుగా వచ్చారు. మిల్లు కార్మికుడొకడు కుర్చీలో కూర్చుంటూనే, "సొంత మేనగోడలి పెల్లి ఆగిపోతన్నా మీరు పలకలేదటమ్మా" అన్నాడు. పరంజ్యోతి దానికీ పలకలేదు. కానీ ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటులో కూర్చుని ఆవిడ తనలో తను నవ్వుకుంది. పెద్ద జీతం కాదు. ఏటేటా పొడిగిస్తారో లేదో తెలియని ఉద్యోగం. అయినా ఆ పనిని ఆవిడ ఇనుప గొలుసు అల్లినట్టు అల్లింది. ఎక్కడ లాగి చూసినా తెగలేదు.

షీబా పెళ్ళయిన మరుసటి ఏడు, వాన ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం, పరంజ్యోతి తర్వాతి మనిషిని పిలవడానికి తలుపు తీసింది. బల్ల చివర ఎలీసమ్మ కూర్చుని ఉంది.

ముసుగేసుకోలేదు. మోహనకృష్ణ గుర్తుపట్టి, ముందు వెళ్ళమన్నా వెళ్ళలేదట. "నా వంతు వచ్చినప్పుడే ఎల్తాను బాబూ" అందట. పరంజ్యోతి ఆవిడని ముందుగా పలకరించలేదు, అలవాటు ప్రకారం. వంతు వచ్చాక ఎలీసమ్మ లోపలికి వచ్చి, రెండు కుర్చీలనీ చూసి, ఏది తనదో తెలియక నిలబడింది.

"ఏదైనా ఒకటే. కూకో వదినా" అంది పరంజ్యోతి. తలుపు వేసింది. "ఒక మాట ముందే సెప్తాను. శ్రీకాకుళంలో ఇంకో ఆవిడ ఉన్నాది. మంచావిడ, పనిమంతురాలు. ఇంటి మనిషి దగ్గర సెప్పుకోలేని మాటలుంటాయి. కావాలంటే నానే ఫోన్ సేసి పంపిస్తాను. నాకేటీ కష్టంగా ఉండదు."

"వద్దు." ఎలీసమ్మ గొడుగు కర్రని రెండు చేతులతో పట్టుకుని కిటికీలోంచి మేకల్ని చూసింది. "ఈ సంగతి నా కూతురికి తెలీకూడదు. నా తమ్ముడికీ తెలీకూడదు. ఎక్కడికెల్దామా అని నెల రోజులు ఆలోచించినాను. ఎవుల్ని తలుసుకున్నా భయమేసినాది. నిన్ను తలుసుకుంటే భయం వెయ్యలేదు." ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఒసే జ్యోతీ, మంచి కబురు కూడా సెప్పనిదానివి. సెడ్డ కబురు ఎవులికి సెప్తావు?"

పరంజ్యోతికి కళ్ళు చెమ్మగిల్లాయి. వాటిని అలాగే ఉండనిచ్చింది. ఆ గదికి వచ్చే ప్రతి మనిషితోనూ ఆవిడ మొదట రెండు మాటలు చెప్తుంది. చుట్టమైనా, కలెక్టరైనా ఆ రెండు మాటలూ తప్పవు. ఆవిడ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

"నా పేరు పరంజ్యోతి. ఇక్కడ కౌన్సిలర్‌ని" అంది.

"నాకు తెల్దేటే!" అని ఎలీసమ్మ ఆ ఏడుపులోనే నవ్వింది.

"తెలిసినా సెప్పాలి వదినా."

రెండో మాట, ఇక్కడ అనుకున్నది ఇక్కడే ఉంటుంది అన్నది, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆవిడ చెప్పక్కర్లేకపోయింది.